గాజు బిగుతైన నాడే చూడాలి

(ధర్మపురిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మైకు ముందు నిలబడ్డాడంటే ఆడిట్ అభ్యంతరాలో, బాకీల వసూలో, ఓటర్ల జాబితానో మాట్లాడతాడని మీరు అనుకుంటారు. ఈ రోజు నేను చెప్పేది కూడా ఒక జాబితాతోనే మొదలవుతుంది. కాని విషయం వేరు. రొమ్ము కేన్సరుకు ఆపరేషను అయిన ఆడవారికి, రోగం తగ్గిన తరువాత, ఆ వైపు చేయి వాచే వ్యాధి గూర్చి చెప్పదలచాను. మగవాడు ఈ మాటలు సభలో ఎందుకు మాట్లాడుతున్నాడని మీలో కొందరు తల వంచుకోవచ్చు. మీ అన్ననో తమ్ముడో మాట్లాడుతున్నాడనుకొని వినండి. నేను డాక్టరును కాను, నా చదువు సహకార డిప్లొమా. వైద్యులను అడిగి తెలుసుకొని, నోటు పుస్తకంలో రాసుకొని, తిరిగి వారికి చదివి వినిపించి సరిచూసుకున్న మాటలే మీకు చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం లెక్కలు చూడడానికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. పాల రిజిష్టరు తిరగేస్తుంటే ఒక సభ్యురాలి లెక్క నా కంటబడింది. ఏళ్ళ తరబడి పొద్దున నాలుగున్నర లీటర్లు, సాయంత్రం నాలుగు లీటర్లు, వెన్న శాతం ఏనాడూ తగ్గలేదు. తరువాత సంవత్సరం అది మూడు లీటర్లకు దిగింది. ఆపైన ఒకటిన్నర. ఆపైన గళ్ళన్నీ ఖాళీ. ఏటా ఇన్ని రోజులు పాలు పోసినవారికే ఓటు హక్కు వుండాలని ఆ సంఘం బైలాలో వున్నది. నేను నియమం ప్రకారం, పాలు పోయని సభ్యుల జాబితాలో ఆమె పేరు కూడా రాశాను. ప్రైవేటు వ్యాపారికి పోస్తున్నదేమో విచారించవలెను అని పక్కన ఒక ముక్క కూడా చేర్చాను. ఆ ముక్క ఎందుకు చేర్చానో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగంలో అలవాటైన అనుమానం.

సాయంత్రం బస్సు కోసం నిలబడి వుంటే ఆమె వచ్చింది. అప్పటికే ఎవరో చెప్పినట్లున్నారు.

"సారూ, సొసైటీకి ఎగ్గొట్టి బయటోనికి పాలు పోస్తున్ననని రాసినవట" అని రెండు చేతులూ నా ముందు చాపింది. ఎడమ చేతి నిండా గాజులున్నాయి. కుడి చేతికి ఒక్కటీ లేదు. మోచేతి కింద చేయి బెండు కట్టినట్లు లావుగా వున్నది. వేళ్ళు ఉబ్బి వున్నాయి.

"మూడేండ్ల కింద రొమ్ముల గడ్డ తీసిండ్రు. చంకల బిళ్ళలు గూడ తీసిండ్రు. కరెంటు పెట్టిండ్రు. నయమైంది పో అన్నరు. ఏడాదిన్నరకు బతుకమ్మ పండుగ నాడు కొత్త గాజులు ఎక్కలె. పని ఎక్కువై వాచిందనుకున్న. అటెనుక బోదకాలు చేతికి వచ్చిందన్నరు. పసరు కట్టించిన. వేడి ఇటుకతోని కాపడం పెట్టిన. ఒకనాడు గడ్డి కోస్తుంటే కొడవలి గీసుకపోయింది. రాత్రికి చెయ్యి ఎర్రగైంది, వణుకుజ్వరం వచ్చింది. నాలుగు రోజులు దవాఖానల ఉన్న. గప్పటిసంది దిగలేదు సారూ. పిడికిలి ముడువస్తలేదు, చన్ను పట్టు దొరుకుతలేదు. ఒక బర్రెను అమ్మిన. ఉన్నదాన్ని నా కొడుకు పిండితె, నా ఇంటి పాలు తాగితె రోగం అంటుతదని వాడకట్టుల మాట పుట్టింది. ఇగ పోసుడే బందు వెట్టిన."

నేను జాబితా తీసి నా వ్యాఖ్య కొట్టివేసి, "అనారోగ్యము, పాలకవర్గము పరిశీలించవలెను" అని రాసి సంతకం చేశాను. అంతకంటే ఆ పూట నా చేతిలో ఏమీ లేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక ఈ వాపు ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

ముందుగా ఒక మాట. ఆమె ఇంటి పాలతో ఎవరికీ ఏ రోగమూ అంటదు. ఈ వాపు అంటువ్యాధి కాదు. కేన్సరూ అంటువ్యాధి కాదు. ఏ కేంద్రంలోనైనా ఈ పేరుతో ఒక సభ్యురాలి పాలు వెనక్కి పంపితే అది అన్యాయం, సహకార నియమాలకు కూడా విరుద్ధం.

ఇక వాపు ఎట్లా వస్తుందో చూద్దాం. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తూము నుంచి పొలానికి నీరు వస్తుంది. పొలం తాగగా మిగిలిన నీరు మురుగు కాలువలో దిగువకు పోతుంది. ఆ మురుగు కాలువను ఎవరైనా పూడ్చితే తూము నీరు ఎప్పటిలాగే వస్తున్నా పొలం ఊట ఎక్కుతుంది, గట్లు మెత్తబడతాయి, పైరు కుళ్ళుతుంది. మన శరీరం కూడా అంతే. గుండె నుంచి నెత్తురు చేతికి వస్తుంది. చాలా భాగం సిరల ద్వారా తిరిగి పోతుంది. కొంత పలుచని రసం, మాంసకృత్తులతో కూడినది, కండ సందుల్లో మిగిలిపోతుంది. దానిని వెంట్రుకల వంటి సన్నని నాళాలు పోగుచేసి చంకలోని బిళ్ళల గుండా వెనక్కి చేరుస్తాయి. దానినే శోషరసం అంటారు, వైద్యులు లింఫు అంటారు. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మీరంతా ఎరుగుదురు. అవే ఇవి.

రొమ్ము కేన్సరు పాకితే మొదట సాధారణంగా ఈ చంక బిళ్ళలకే పాకుతుంది. అందుకని వాటిని తీసివేస్తారు, లేదా అక్కడ కరెంటు పెడతారు, కొందరికి రెండూ చేస్తారు. ప్రాణం నిలవడానికి అది అవసరం. అయితే చేతికి వున్న మురుగు కాలువ దానితో దెబ్బతింటుంది. మిగిలిన నాళాలు చాలామందిలో ఆ బరువు మోస్తాయి. కొందరిలో మోయలేవు.

అమెరికాలో హాల్‌స్టెడ్ అనే పేరుగాంచిన సర్జను రొమ్మును, కింది కండరాలను, చంక బిళ్ళలను కలిపి తీసివేసే పెద్ద ఆపరేషనును ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనే 1921లో ఈ చేతి వాపు గూర్చి రాస్తూ దానిని కత్తి వలన వచ్చిన ఏనుగుకాలు వంటిదని పిలిచాడు. అంటే మన ఊళ్ళో దీనిని బోదకాలు అనుకోవడం పూర్తిగా మూర్ఖత్వం కాదు. రెండింటిలోనూ పూడిపోయేది ఒకే కాలువ. పూడ్చేది వేరు. బోదకాలులో దోమ కాటుతో చేరిన పురుగు పూడుస్తుంది. ఇక్కడ పురుగు లేదు. కనుక బోదకాలు నివారణకు ఊరూరా పంచే మాత్రలు ఈ వాపును తగ్గించవు. నీళ్ళ మాత్రలు, అంటే మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసేవి, ఇవీ దీనికి మందు కావు. మురుగు కాలువ పూడితే ప్రాజెక్టు గేట్లు దించి ప్రయోజనమేమిటి?

ఎంతమందికి వస్తుంది? అనేక దేశాల పరిశీలనలను కలిపి ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో వేసిన లెక్క ప్రకారం చంక బిళ్ళలన్నీ తీసినవారిలో నూటికి సుమారు 20 మందికి వస్తుంది. 1990 తరువాత కొత్త పద్ధతి వచ్చింది. కేన్సరు మొదట చేరే ఒకటి రెండు బిళ్ళలను రంగు మందుతోనో, మరో గుర్తుతోనో కనిపెట్టి, వాటినే తీసి పరీక్షించి, అవి శుభ్రంగా వుంటే మిగిలినవి వదిలేస్తారు. అట్లా చేసినవారిలో నూటికి సుమారు 6 మందికే వాపు వస్తుంది. ఈ పద్ధతి గడ్డ చిన్నగా వున్నప్పుడే ఎక్కువగా కుదురుతుంది. మనవాళ్ళు గడ్డ పెద్దదై, చంకలో చేతికి తగిలిన తరువాత గాని కదలరు. సిగ్గు ఒకటి, ఖర్చు భయం ఒకటి. ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వున్నది. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి వున్నది. సిగ్గుకు మాత్రం సర్కారు పథకం ఏదీ లేదు.

వాపు చాలామందిలో చికిత్స అయిన రెండు మూడేళ్ళ లోపల మొదలవుతుంది. పదేళ్ళ తరువాత వచ్చినవారూ వున్నారు. కనుక ఏడాది గడిచింది, ఇక భయం లేదనుకోరాదు. శరీరం బరువు ఎక్కువ వున్నవారికి, చంకలో కరెంటు పెట్టించుకున్నవారికి, ఆ చేతికి చీము, ఎర్రవాపు వచ్చినవారికి అవకాశం ఎక్కువ.

ఇప్పుడు గట్టిగా గుర్తుంచుకోవలసినది చెబుతాను. వాపు కంటికి కనబడక ముందే చేయి మాట్లాడుతుంది. సాయంత్రానికి చేయి బరువెక్కినట్లు వుంటుంది. చంకలో, మోచేతి దగ్గర బిగబట్టినట్లు వుంటుంది. రోజూ పట్టే గాజు పట్టదు, ఉంగరం తిరగదు, రవిక చేయి ఒక వైపే బిగుతవుతుంది. నిద్ర లేచేసరికి తగ్గిపోతుంది, అందుకని మనం పట్టించుకోము. కొందరికి చేయి కంటే ముందు రొమ్ము పక్కన, వీపు పక్కన బరువు తెలుస్తుంది. వేలితో పది సెకండ్లు నొక్కి తీస్తే గుంట పడుతుంది. ఈ దశలో చేయి ఎత్తి పెట్టుకుంటే వాపు దిగుతుంది. ఇదే పట్టుకోవలసిన సమయం. ఆలస్యమైతే లోపల నిలిచిన రసంలోని మాంసకృత్తుల వలన కండ కింద నారలాగా గట్టిపడుతుంది. నొక్కితే గుంట కూడా పడదు. ఎత్తి పెట్టినా దిగదు. అప్పటి నుంచి దానిని అదుపులో పెట్టడమే గాని పూర్తిగా పోగొట్టడం కష్టం.

పొదుగు వాపు వ్యాధి మీకు కొత్త కాదు. పొదుగు రాయిలా గట్టిపడి నెత్తురు పాలు వచ్చిన తరువాత డాక్టరును పిలిచేవాడి బర్రెకు చన్ను పోతుంది. మొదటి ధార నల్లటి గిన్నెలో పిండి, తరకలు చూసి పట్టుకునేవాడికి చన్ను దక్కుతుంది. మీరు బర్రెకు చేసే పరీక్ష మీ ఇంటి ఆడవారికి కూడా చేయండి.

పరీక్షకు కావలసింది దర్జీ టేపు ఒక్కటే. మణికట్టు దగ్గర ఒక కొలత, అక్కడి నుంచి పైకి పది సెంటీమీటర్ల వద్ద ఒకటి, మోచేయి పైన పది సెంటీమీటర్ల వద్ద ఒకటి, అరచేయి చుట్టూ ఒకటి. రెండు చేతులకూ అవే చోట్ల తీయాలి. టేపు బిగించి లాగవద్దు, వదులుగా వేలాడనీయవద్దు. పొద్దుటి పూట అయితే ఎప్పుడూ పొద్దుటి పూటే తీయాలి. వీలైతే ఆపరేషనుకు ముందే మొదటి కొలత తీసుకోవాలి, ఎందుకంటే పని చేసే చేయి సహజంగానే కొంచెం లావుగా వుంటుంది. ఆ తరువాత మూడు నెలలకు ఒకసారి. రెండు చేతుల మధ్య తేడా మొదటి కొలతకంటే పెరుగుతున్నదా అని చూడాలి. ఎక్కడైనా రెండు సెంటీమీటర్లు తేడా వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. తేడా రాకపోయినా బరువు, బిగుతు వారం దాటి వుంటే అప్పుడూ పోవాలి. కొలతలు ఎక్కడ రాయాలంటారా? పాల పాస్‌బుక్కు చివరి పేజీలు ఎట్లాగూ ఖాళీగానే వుంటాయి.

మా వదినెకు 2021లో ఆపరేషను అయింది. అప్పటికి నాకు ఈ సంగతి తెలుసు గనుక ముందు రోజే మా అన్న చేత కొలతలు తీయించాను. "దర్జీ పని ఎప్పుడు నేర్చినవ్ మరిదీ" అని ఆమె ఆ బాధలోనూ నవ్వింది. పద్నాలుగు నెలలకు మోచేతి పైన ఒకటిన్నర సెంటీమీటరు తేడా వచ్చింది. కంటికి ఏమీ కనబడలేదు. కాని బీడీలు చుట్టేటప్పుడు సాయంత్రానికి చేయి గుంజుతున్నదని ఆమే అన్నది. కరీంనగర్‌లో వైద్యులకు చూపితే ముందు చంకలో మళ్ళీ గడ్డ ఏమీ లేదని, సిరలో నెత్తురు గడ్డకట్టలేదని పరీక్షించి తేల్చారు. అది చాలా ముఖ్యం. వాపు కనబడగానే అది ఇదే అని మనకు మనం తీర్మానించుకోరాదు. కేన్సరు తిరగబెట్టినా చేయి వాస్తుంది. ఆ తరువాత ఆమె కొలతకు సరిపడే గట్టి తొడుగు ఇచ్చారు, వ్యాయామం నేర్పారు. అయిదు నెలలకు తేడా అర సెంటీమీటరుకు దిగింది. ఆమె ఇప్పటికీ బీడీలు చుడుతుంది, రెండు బర్రెలను పిండుతుంది.

వాపు నిలిచిపోయినవారికి చికిత్స వేరుగా వుంటుంది. శిక్షణ పొందినవారు చర్మాన్ని మెల్లగా ఒక పద్ధతిలో నిమిరి రసాన్ని పక్క దారులకు మళ్ళిస్తారు. వేళ్ళ నుంచి భుజం దాకా, కింద బిగుతుగా, పైకి పోను పోను వదులుగా పొరలు పొరలుగా కట్లు కడతారు. ఇట్లా కొన్ని వారాలు చేసి వాపు దించిన తరువాత తొడుగు ఇస్తారు. మందుల షాపులో క్రేపు బ్యాండేజీ కొని సొంతంగా బిగించి కట్టుకోవడం దీనికి సమానం కాదు. దానివలన వేళ్ళు మరింత ఉబ్బుతాయి. తొడుగును పగలు వేసుకొని రాత్రి తీసేయాలి. తిమ్మిరి పట్టినా, వేళ్ళు నీలంగా మారినా వెంటనే తీసేయాలి. సాగిపోయిన తొడుగు పనికిరాదు, సుమారు ఆరు నెలలకు మార్చాలి. మన గోదావరి ఒడ్డున వైశాఖంలో ఎండ ఎట్లా వుంటుందో తెలిసి కూడా ఈ మాట చెబుతున్నాను. ఆ ఉక్కలో తొడుగు వేసుకోవడం శిక్షే. మా వదినె తెల్లవారుజామున పిండేటప్పుడు, గడ్డి మోసేటప్పుడు వేసుకొని, మధ్యాహ్నం తీసి ఉతికి ఆరేస్తుంది. వైద్యులు అందుకు ఒప్పుకున్నారు.

పని గూర్చి పాత భయం ఒకటి వున్నది. ఆపరేషను అయిన చేతితో ఇక ఏ బరువూ ఎత్తరాదని చాలామందికి చెబుతారు. అట్లా చేయిని మూలకు పెట్టినవారి కండ బలహీనపడుతుంది, వాపు తగ్గదు. అమెరికాలో ఈ వాపు వున్న 141 మంది మహిళల మీద చేసిన పరిశీలన 2009లో అచ్చయింది. సగం మంది తొడుగు వేసుకొని, నేర్పినవారి ముందు, కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వారానికి రెండుసార్లు బరువులు ఎత్తారు. ఏడాది తరువాత వారి చేతులు మరింత వాయలేదు. పైగా వాపు ఉధృతం కావడం బరువులు ఎత్తినవారిలో నూటికి 14 మందికి, ఎత్తనివారిలో నూటికి 29 మందికి జరిగింది. కనుక పాలు పిండడం మానవలసిన పని లేదు. మెల్లగా మొదలుపెట్టాలి. ఒక బర్రె పిండిన తరువాత చేయి తలపైకి ఎత్తి, పిడికిలి మూసి తెరుస్తూ పది పదిహేనుసార్లు చేసి, దీర్ఘంగా ఊపిరి తీసి, తరువాత రెండో దాని దగ్గర కూర్చోవాలి. నిండు బకెట్టు ఒక్కసారి కాకుండా రెండు సగాలుగా మోయాలి. చేయి బరువెక్కితే ఆపాలి, మరునాడు తగ్గించాలి, మానరాదు.

అట్లాగే ఆ చేతికి సూది గుచ్చితే, బీపీ పట్టీ కడితే వాపు వస్తుందనే భయం. బోస్టన్‌లో 632 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితంలో వాటికీ వాపుకూ సంబంధం కనబడలేదు. రెండో చేయి వుంటే దానికే గుచ్చమని అడగండి. ఆపద సమయంలో మాత్రం ఈ చేయి వద్దని పట్టుబట్టి వైద్యం ఆపవద్దు.

నిజంగా భయపడవలసింది గాయానికి. మురుగు కదలని చేతిలో సూక్ష్మక్రిమి చేరితే చెరువులో గుర్రపుడెక్కలా ఒక్క రాత్రిలో అల్లుకుంటుంది. గడ్డి కోసేటప్పుడు, పేడ ఎత్తేటప్పుడు, కంప నరికేటప్పుడు ఆ చేతికి రబ్బరు తొడుగో, మందపాటి గుడ్డ తొడుగో వుండాలి. బీడీ ఆకు కత్తిరించేవారికి కత్తెర జాగ్రత్త. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఆరనిచ్చి, కొబ్బరి నూనె పట్టించాలి. చిన్న గీత పడినా కడిగి మందు రాయాలి. చేయి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిందంటే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి, రేపటి దాకా ఆగరాదు. జగిత్యాలలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల వున్నది, ధర్మపురి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. పసరు కట్లు, కాపడాలు, వాతలు, గాట్లు పెట్టడం ఏవీ చేయరాదు. ఆ సభ్యురాలి చేయి చెడింది వాపుతో కాదు, ఇటుక కాపడంతో, కొడవలి గాటుతో.

సెక్రటరీలకు ఒక మాట. రిజిష్టరులో ఒక సభ్యురాలి పాలు హఠాత్తుగా సగమైతే ప్రైవేటు వ్యాపారి అనే ముందు ఒకసారి ఆమె ఇంటికి పోయి రండి. ఇది నేను మీకు చెబుతున్నానంటే నా తప్పు నాకు గుర్తుండి చెబుతున్నాను. దీర్ఘ వ్యాధితో పాలు పోయలేని సభ్యులకు మీ బైలాలో మినహాయింపు వున్నదో లేదో చూడండి. లేకపోతే వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో సవరణ ప్రతిపాదన పెట్టండి. ముసాయిదా రాయడం రాకపోతే నా దగ్గరికి రండి, రాసిస్తాను. ఆ సంఘంలో అట్లాగే సవరించారు. ఆమె పేరు తిరిగి జాబితాలో చేరింది. చేయి ఇప్పటికీ లావుగానే వున్నది. కట్ల తరువాత పిడికిలి మాత్రం సగం ముడుచుకుంటున్నది. బర్రెను కొడుకే పిండుతాడు, కేంద్రానికి ఆమే తెచ్చి పోస్తుంది. మొదటి వారం ఆ పాలను అందరి ముందు అక్కడి టెస్టరు కాచి తాగి చూపించాడట.

టేపులు ఇరవై తెప్పించాము, అధ్యక్షుల వారి బల్ల మీద వున్నవి. సభ అయిన తరువాత మగవారు చాయ్ తాగడానికి బయటికి రావలెనని కోరుతున్నాను. ఉపకేంద్రం నర్సు అమ్మ లోపల వుండి కొలత ఎట్లా తీయాలో చేసి చూపుతారు. ఆపరేషను అయినవారు ఎవరైనా వుంటే పేరు చెప్పనవసరం లేదు, పాస్‌బుక్కు తెచ్చుకుంటే చాలు.